గేటు రంగుతో వేసిన బొమ్మలు

న్యూయార్క్‌కి తూర్పున, లాంగ్ ఐలాండ్ కొసన స్ప్రింగ్స్ అనే చిన్న ఊరుంది. అమెరికా చిత్రకారుడు జాక్సన్ పోలాక్, అతని భార్య లీ క్రాస్నర్ (ఆవిడా చిత్రకారిణే) 1945 చివర్లో అక్కడికి మకాం మార్చారు. ఇంటికి కట్టాల్సిన బయానా సొమ్ము, రెండు వేల డాలర్లు, గ్యాలరీ యజమానురాలు పెగ్గీ గుగెన్‌హైమ్ అప్పుగా సర్దింది. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. పోలాక్ పనిచేసింది పెరట్లోని చెక్క కొట్టంలో. లోపలికి వెళ్లేవాళ్లు బూట్లు విడిచి, అక్కడ ఇచ్చే మెత్తటి స్లిప్పర్లు తొడుక్కోవాలి. మొదటిసారి విన్నప్పుడు ఇదేదో గుడి మర్యాద అనుకున్నాను. నేల పాడవకూడదని అట.

1953లో ఆ కొట్టాన్ని చలికి తట్టుకునేలా బాగు చేయించినప్పుడు నేలంతా అట్టపలకలు పరిచేశారు. మూడు దశాబ్దాలు దాటాక వాటిని పీకి చూస్తే, పాత నేల చెక్కుచెదరకుండా ఉంది. వెండి రంగు, నలుపు, తెలుపు, నీలం, పసుపు. చారలు, చుక్కలు, కాన్వాస్ అంచు దాటి ఒలికిన ధారలు. పోలాక్‌కి పేరు తెచ్చిన పెద్ద బొమ్మలన్నిటి తాలూకు మిగులూ అక్కడే ఉంది.

1940లలో న్యూయార్క్‌లో పోలాక్ లాంటివాళ్లు, ఫలానా వస్తువు అని పోల్చుకునే ఆకారం లేకుండా, రంగూ గీతా తోనే వేసిన బొమ్మల ధోరణిని అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం అంటారు, మన పుస్తకాల భాషలో నైరూప్య అభివ్యక్తివాదం. ఆ పేరు ఎత్తగానే మనవాళ్ల నుంచి రెండు మాటలు వస్తాయి. ఒకటి, "మా పిల్లాడు కూడా వేస్తాడు." రెండోది మరీ మర్యాదగా ఉంటుంది: "కళాకారుడి అంతరంగ ఘోష." వినడానికి ఈ రెండూ ఎదురుబొదురు మాటల్లా ఉంటాయి గానీ, నా లెక్కలో రెండూ ఒకే పొరపాటు. బొమ్మ ఎలా తయారైందో చూడకుండా, వేసినవాడి బుర్రలో ఏముందో ఊహించడం. ముందు డబ్బాలోని రంగు సంగతి చూద్దాం. మిగతావి, అంటే రూపం ఎందుకలా వచ్చింది, ఆ సమాజంలో ఏం జరుగుతోంది అనేవి, అక్కడి నుంచే తెలుస్తాయి.

అసలు ఆ పేరే కొంత దారి తప్పించింది. 1946లో న్యూయార్కర్ పత్రికలో రాబర్ట్ కోట్స్ అనే విమర్శకుడు ఈ చిత్రకారుల గురించి రాస్తూ ఆ మాట వాడాడు. అభివ్యక్తి అనేసరికి లోపల ఉన్నదేదో బయటికి కక్కడం అని అర్థం స్థిరపడిపోయింది. 1952లో హెరాల్డ్ రోజెన్‌బర్గ్ ఇంకో అడుగు ముందుకేసి, కాన్వాస్ ఇప్పుడు బొమ్మ వేసే చోటు కాదు, చిత్రకారుడు దిగి తలపడే బరి అన్నాడు. బ్రహ్మాండమైన మాట, కాదనను. కానీ బరి అన్నాక అందరి కళ్లూ పహిల్వాన్ మీదే ఉంటాయి, కింద మట్టి ఎలాంటిదో ఎవరూ అడగరు. రోజెన్‌బర్గ్‌కి పోటీదారు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ అయితే మనిషిని పక్కకి నెట్టి రూపం మీద పడ్డాడు: కాన్వాస్ చదునుగా ఉంటుంది, కాబట్టి లోతు ఉన్నట్టు భ్రమ కల్పించకుండా ఆ చదునునే చూపించడం పెయింటింగ్ ధర్మం అని. ఈయన మాట్లాడింది కంటికి కనిపించే దాని గురించే, కాకపోతే సమాజాన్ని గుమ్మం బయటే నిలబెట్టాడు.

ఇప్పుడు డబ్బా దగ్గరికి వద్దాం. మా ఇంటి గేటుకి రంగు వేయించినప్పుడు, వేయడానికొచ్చినాయన డబ్బాలో పుల్ల పెట్టి కలుపుతూ, మధ్య మధ్యలో ఆ పుల్ల పైకెత్తి ధార ఎలా జారుతోందో చూసేవాడు. "ఇంకొంచెం తిన్నర్ పడాలి సార్, లేకపోతే పూస కడుతుంది" అన్నాడు. అరిసెల పాకం చూసే చూపే అది. ముదిరితే ఒక బాధ, లేతగా ఉంటే ఇంకో బాధ. పోలాక్ 1947 నుంచి 1950 దాకా చేసిన పని అంతా ఆ పుల్ల చివర జరిగింది. అతను వాడింది చాలావరకు ఇంటి తలుపులకీ గేట్లకీ వేసే ఎనామెల్, దానికి తోడు అల్యూమినియం పెయింట్. ట్యూబుల్లో వచ్చే ఆయిల్ కలర్స్ వెన్నలా ఉంటాయి, పుల్లకి పట్టుకుని అలాగే ఉండిపోతాయి. ఎనామెల్ అయితే తీగలా సాగుతుంది. పైగా చవక, డబ్బాల లెక్కన దొరుకుతుంది, త్వరగా ఆరుతుంది.

ఈ ఆలోచన అతనికి ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1936లో మెక్సికో చిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికేరోస్ న్యూయార్క్‌లో ఒక ప్రయోగశాల లాంటి వర్క్‌షాప్ పెట్టాడు. పచ్చి కమ్యూనిస్టు. కార్మికుల కోసం వేసే బొమ్మలకి కార్ఖానాల్లో పుట్టిన రంగులే వాడాలని అతని పట్టుదల. అందుకని కార్లకి వేసే లక్కర్ తెచ్చి ఒంపడం, చిమ్మడం, స్ప్రే చేయడం నేర్పించాడు. అక్కడ చేరిన కుర్రాళ్లలో పోలాక్ ఒకడు. తర్వాత 1947లో తన పద్ధతి గురించి రాస్తూ, నేల మీద బొమ్మ పరిచి చుట్టూ తిరుగుతూ వేయడం పశ్చిమాన ఇండియన్ల ఇసుక చిత్రాల పద్ధతికి దగ్గరగా ఉంటుందన్నాడు. ఆ ఇండియన్లు మనం కాదు, అమెరికా ఆదివాసులు. ఇది చదివి ముగ్గుల నుంచి నేర్చుకున్నాడని మురిసిపోవడానికి లేదు. 1941లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో, అంటే మోమాలో, ఆ ఆదివాసుల్లోని నవాహో తెగవాళ్లు ఇసుకతో బొమ్మలు వేసి చూపించారు.

తేనెని చెంచాతో ఎత్తి పళ్లెంలోకి వదిలితే, ధార అడుగుకి చేరేసరికి తాడులా చుట్టలు చుట్టుకుంటుంది. చెయ్యి పక్కకి జరిపే వేగం పెంచుతూ పోతే ఆ చుట్టలు సాగి, ఒక దశలో తిన్నటి గీత అయిపోతుంది. ఎంత ఎత్తు నుంచి పోస్తున్నాం, ద్రవం ఎంత చిక్కగా ఉంది, చెయ్యి ఎంత వేగంగా కదులుతోంది అనే మూడింటి మధ్య బేరం ఇది. జిలేబీ వేసేవాళ్లకి ఈ బేరం ఎవరూ చెప్పక్కర్లేదు. 2019లో బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు కొందరు పోలాక్ పనిచేస్తున్న పాత ఫిల్మ్ చూసి చేతి వేగం, ఎత్తు కొలిచి, అదే ధారని ప్రయోగశాలలో పోసి చూశారు. ధార చుట్టలు చుట్టుకునే పరిస్థితిని అతను చాలావరకు తప్పించుకుంటూ పోశాడని తేల్చారు. అందరూ దీన్ని డ్రిప్ పెయింటింగ్ అంటారు గానీ, అతని బొమ్మల్లో ఎక్కువగా ఉన్నది చుక్కలు కాదు, తెగని ధార.

పిల్లాడి మాటకి జవాబు ఇక్కడే ఉంది. రంగు చిమ్మడం ఎవరైనా చేస్తారు. ఐదు మీటర్లకి పైగా పొడవున్న కాన్వాస్ మీద ధార తెగకుండా, చుట్టుకోకుండా, కావాల్సిన చోట లావుగా మరో చోట సన్నగా నడిపించడం చెయ్యి తిరిగితే తప్ప రాదు. 1950లో టైమ్ పత్రిక అతని బొమ్మల గురించి రాస్తూ గందరగోళం అనే మాట వాడితే, పోలాక్ టెలిగ్రాం కొట్టాడు. మన భాషలో దాని సారం "గందరగోళమా, నా మొహం!" అని.

దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. కింది రంగు పచ్చిగా ఉన్నప్పుడు పైన ధార పడితే రెండూ ఒకదాన్లోకి ఒకటి పాకి అంచులు చెదురుతాయి. కింది పొర ఆరాక పడితే గీత కత్తిరించినట్టు నిలుస్తుంది. మోమాలో ఉన్న 'వన్: నంబర్ 31, 1950' లాంటి బొమ్మలో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. అంటే పోశాడు, ఆగాడు, ఆరనిచ్చాడు, నిలబడి చూసుకున్నాడు, మళ్లీ దిగాడు. 1943లో పెగ్గీ గుగెన్‌హైమ్ ఇంటి కోసం వేసిన ఆరు మీటర్ల 'మ్యూరల్'ని ఒకే రాత్రిలో పూర్తి చేశాడని ఒక కథ ఉంది, సినిమా సీను లాంటిది. గెట్టీ సంస్థ నిపుణులు ఆ బొమ్మని శుభ్రం చేస్తూ పొరలు పరీక్షిస్తే, కొన్ని రంగులు కింది పొర ఆరిన తర్వాతే పడ్డాయని బయటపడింది. ఆయిల్ రంగు ఒక్క రాత్రిలో ఆరదు.

ఇక ఈ పద్ధతి వల్ల రూపానికి ఏమైంది? మన ముగ్గులో గీత చుక్కల్ని చుట్టి తిరుగుతుంది, లోపల, బయట అని ఏర్పరుస్తుంది. చిత్రలేఖనంలో గీత పని వేల ఏళ్లుగా అదే, ఒక వస్తువుకి హద్దు గీయడం. పోలాక్ ధార దేనికీ హద్దు కాదు. అది చెయ్యీ కాదు, ఆకూ కాదు, తనే ఒక వస్తువు. హద్దులు లేకపోతే ముందు, వెనక అనేవి కూడా లేవు, బొమ్మలో ఫలానా చోటు ముఖ్యం అని లేదు. కన్ను ఎక్కడా కూర్చోలేక తిరుగుతూనే ఉంటుంది. నేల మీద పరిచి నాలుగు వైపుల నుంచీ వేశాడు కాబట్టే పైకీ కిందకీ తేడా కరిగిపోయింది. గ్రీన్‌బర్గ్ మెచ్చుకున్న రూపం సిద్ధాంతం నుంచి కాదు, ఆ నేల మీది పని నుంచి వచ్చింది. అలాగని మనిషి పూర్తిగా మాయం కాలేదు: 'నంబర్ 1ఎ, 1948'లో కుడి పక్క పై భాగాన అతని అరచేతి ముద్రలున్నాయి. 'ఫుల్ ఫాథమ్ ఫైవ్' పొరల్లో అయితే మేకులు, గుండీలు, నాణేలు, సిగరెట్లు, ఒక తాళంచెవి ఇరుక్కుని ఉన్నాయి.

మిగతావాళ్ల పద్ధతులు ఒక్కొక్కటీ ఒక్కో తీరు. విల్లెం డి కూనింగ్ 1926లో హాలండ్ నుంచి ఓడలో దొంగతనంగా వచ్చినవాడు, ఇళ్లకి రంగులేసి బతికినవాడు. 1940ల చివర్లో అతని బొమ్మలు నలుపు తెలుపుల్లో ఉండటానికి తాత్విక కారణాలు వెతికినవాళ్లున్నారు. ఆ ఎనామెల్ చవక అనేది కూడా ఒక కారణమే. ఫ్రాంజ్ క్లైన్ బొమ్మల్లోని నల్లటి దూలాల్లాంటి గీతలు చూస్తే పూనకంలో వేసినట్టుంటాయి. ఆయన ముందు పాత టెలిఫోన్ డైరెక్టరీ కాగితాల మీద చిన్న చిత్తు వేసుకుని, దాన్ని చూసుకుంటూ పెద్దది చేసేవాడు. తెలుపు కూడా ఖాళీ స్థలం కాదు, నలుపు మీదకి తెచ్చి పూసిన రంగే. బార్నెట్ న్యూమన్ 1948లో, తన 43వ పుట్టినరోజు నాడు, చిన్న కాన్వాస్ మధ్యలో మాస్కింగ్ టేపు నిలువుగా అంటించి, దాని మీద ఎర్రరంగు పూసి చూశాడు. మామూలుగా అయితే టేపు పీకేయాలి. పీకలేదు. ఎనిమిది నెలలు అలా చూస్తూ ఉండిపోయాడు. 'వన్‌మెంట్ 1' అదే, టేపు ఇప్పటికీ అందులోనే ఉంది.

హెలెన్ ఫ్రాంకెన్‌థాలర్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. 1952 అక్టోబరులో, 23 ఏళ్ల వయసులో, ప్రైమర్ వేయని పచ్చి నూలు కాన్వాస్‌ని నేల మీద పరిచి, టర్పెంటైన్‌తో నీళ్లలా పల్చన చేసిన ఆయిల్ రంగు ఒంపింది. రంగు మీద నిలవకుండా గుడ్డలోకి ఇంకిపోయింది. శ్రీకాళహస్తి కలంకారీ పని చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ గుడ్డని కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టేది రంగు పాకిపోకుండా, కలం గీసిన చోటే నిలవడానికి. ఫ్రాంకెన్‌థాలర్‌కి సరిగ్గా ఆ పాకడమే కావాలి. 'మౌంటెన్స్ అండ్ సీ' అనే ఆ బొమ్మలో రంగు మరకల చుట్టూ నూనె వలయాలు కనిపిస్తాయి. రంగుకీ గుడ్డకీ మధ్య పొర లేకపోయేసరికి, గ్రీన్‌బర్గ్ చెప్పే చదును ఇక్కడ మాట వరసకి కాదు, నిజంగానే వచ్చేసింది. మరుసటి ఏడాది మారిస్ లూయీ, కెన్నెత్ నోలండ్ ఆమె స్టూడియోకి వచ్చి ఇది చూసి, ఇంటికెళ్లి తమ పద్ధతే మార్చుకున్నారు. ఈ పనికి ఒక ఖరీదూ ఉంది. ప్రైమర్ అనేది నూనె తగిలి గుడ్డ పాడవకుండా అడ్డుపడే పొర. అది లేకపోతే నూనె నెమ్మదిగా నూలుని తినేస్తుంది.

రంగు గురించి ఖరీదైన పాఠం మార్క్ రోత్కోది. 1960ల మొదట్లో హార్వర్డ్ యూనివర్సిటీలో ఒక డైనింగ్ హాలు కోసం ముదురు ఎరుపు, ఊదా రంగుల్లో ఐదు పెద్ద కాన్వాసులు వేశాడు. అందులో వాడిన లిథాల్ రెడ్ అనే ఎరుపు వెలుతురు తట్టుకోలేదు. ఆ గది కిటికీల్లోంచి ఎండ ధారాళంగా పడేది. పదిహేనేళ్లు తిరిగేసరికి ఎరుపు వెలిసి కొన్ని చోట్ల లేత నీలంలోకి దిగిపోయింది. బొమ్మల్ని తీసి గోదాములో పెట్టారు. మళ్లీ రంగు పూయడానికి లేదు, ఎందుకంటే రోత్కో పలచటి పొరల మీద వార్నిష్ ఉండదు, ఏది తాకినా తెలిసిపోతుంది. 2014లో చివరికి చేసిందేమిటంటే, ప్రొజెక్టర్‌తో పోయిన రంగుని మాత్రం లెక్కకట్టి వెలుతురుగా కాన్వాస్ మీద వేశారు. ప్రొజెక్టర్ ఆపగానే వెలిసిన బొమ్మ. అనంతం, విషాదం, పారలౌకికం అని రోత్కో గురించి ఎన్ని మాటలు రాశారో. అవన్నీ ఎండ తగిలితే వెలిసే ఎరుపు మీద నిలబడ్డాయి.

ఇప్పుడు గది గురించి. బొమ్మలు అంత పెద్దవి ఎందుకయ్యాయి? 1930ల మాంద్యంలో అమెరికా ప్రభుత్వం చిత్రకారుల్ని జీతానికి పెట్టుకుని ఆఫీసుల్లో, స్కూళ్లలో గోడ బొమ్మలు వేయించింది. పోలాక్, క్రాస్నర్, డి కూనింగ్, రోత్కో అందరూ ఏదో ఒక దశలో ఆ పథకం జీతం తిన్నవాళ్లే. 1943లో పథకం మూతపడింది, గోడలు పోయాయి, గోడంత పెద్దగా ఆలోచించే అలవాటు మిగిలింది.

కానీ పెద్ద బొమ్మకి పెద్ద గది కావాలి, ఆ గది ఎవరికి దొరుకుతుంది? స్ప్రింగ్స్‌లో కొట్టం పోలాక్‌ది. క్రాస్నర్ మేడ మీద చిన్న పడకగదిలో పనిచేసేది. 1946 నుంచి 1950 దాకా ఆమె వేసినవాటికి పేరే 'లిటిల్ ఇమేజెస్'. చిన్న చిన్న పలకలు, వాటి నిండా దట్టంగా అక్షరాల్లాంటి గుర్తులు. 1956 ఆగస్టులో పోలాక్ తాగి కారు నడుపుతూ చనిపోయాడు. మరుసటి ఏడాది క్రాస్నర్ కొట్టంలోకి మారింది. 1957లోనే వచ్చిన 'ద సీజన్స్' అయిదు మీటర్ల పైచిలుకు. ఆమె కాన్వాస్‌ని నేల మీద కాక గోడకి కొట్టి వేసేది. అందుకే ఆ కొట్టంలో నేల మీద పోలాక్ రంగు, గోడల మీద క్రాస్నర్ రంగు. చిన్న బొమ్మలు వేసింది కాబట్టి ఆమెది చిన్న ప్రతిభ అని ఆ రోజుల్లో అనుకున్నవాళ్లు గది కొలతలు చూసి ఉంటే బాగుండేది.

జానెట్ సోబెల్ కథ దీనికన్నా చేదు. ఉక్రెయిన్‌లో పుట్టి అమెరికా వచ్చిన యూదురాలు, బ్రూక్లిన్‌లో పిల్లల తల్లి, నలభై దాటాక కుంచె పట్టింది. భర్తది గిల్టు నగల వ్యాపారం. ఎనామెల్ ఒంపి, జార్చి బొమ్మంతా పరుచుకునేలా 1945లోనే 'మిల్కీ వే' వేసింది, పోలాక్ ధారల కన్నా ముందు. గుగెన్‌హైమ్ గ్యాలరీలో పోలాక్, గ్రీన్‌బర్గ్ ఆమె పని చూశారు, పోలాక్ మెచ్చుకున్నాడు కూడా. ఈ సంగతి గ్రీన్‌బర్గే తర్వాత రాశాడు. రాస్తూ, ఆమె బ్రూక్లిన్‌లో ఉండే గృహిణి అని పరిచయం చేశాడు. పోలాక్ ఉద్యోగం, అతని భార్య ఉద్యోగం గురించి ఆ వాక్యంలో ఏమీ లేదు.

1951 జనవరిలో లైఫ్ పత్రిక ఈ చిత్రకారుల గుంపు ఫోటో వేసింది. పదిహేను మంది, అందులో ఒకే ఒక్క స్త్రీ, వెనక బల్ల మీద నిలబడ్డ హెడ్డా స్టెర్న్. నల్లజాతివాళ్లు ఎవరూ లేరు. హార్లెమ్‌లో పుట్టిన నార్మన్ లూయిస్ అంతకు ముందు ఏడాది ఇదే బృందం స్టూడియో 35లో పెట్టుకున్న చర్చల్లో కూర్చున్నవాడే. 1960లో అతను వేసిన 'అమెరికన్ టోటెమ్' నల్లటి నేపథ్యం మీద తెల్లటి నిలువు ఆకారం. చూస్తూ ఉంటే అది కు క్లక్స్ క్లాన్ (నల్లజాతివాళ్ల మీద దాడులు చేసిన తెల్లవాళ్ల ముఠా) ముసుగుగా తేలుతుంది. నలుపు తెలుపు అనేవి క్లైన్‌కి ఒక సమస్య, లూయిస్‌కి ఇంకో సమస్య.

ఈ కళ వెనక అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఉందంటారు కదా, ఆ సంగతి ఏమిటని ఎవరో ఒకరు అడుగుతారు. ఆధునిక కళ కమ్యూనిస్టు కుట్ర అని 1949లో అమెరికా కాంగ్రెస్‌లో జార్జ్ డాండెరో అనే సభ్యుడు ఊగిపోయాడు. అంతకు ముందే విదేశాంగ శాఖ కొని విదేశాల్లో తిప్పుతున్న ఆధునిక చిత్రాల ప్రదర్శనని గొడవలకి భయపడి వెనక్కి పిలిపించి, 1948లో యుద్ధ మిగులు సామాను కింద అమ్మేశారు. అలాంటి వాతావరణంలో, అమెరికాలో కళాకారుడికి స్వేచ్ఛ ఉందని యూరప్‌కి చూపించాలంటే ప్రభుత్వం చాటుగా చేయాల్సి వచ్చింది. కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్ అనే సంస్థకి సీఐఏ డబ్బు అందేదని 1960ల్లో బయటపడింది. 1958-59లో ఎనిమిది యూరప్ నగరాలు తిరిగిన 'న్యూ అమెరికన్ పెయింటింగ్' మోమా అంతర్జాతీయ విభాగం పంపినది, ఆ విభాగం మొదలైంది రాక్‌ఫెల్లర్ సొమ్ముతో. ఇంతవరకూ నిజం. దీని నుంచి "సీఐఏనే ఈ కళని తయారుచేసింది" అనడం మాత్రం వాట్సాప్ స్థాయి తర్కం. బొమ్మలు ముందు వచ్చాయి. రూపంలో ఫలానా అర్థం అని కట్టిపడేసేది లేకపోవడం వల్ల వాటికి ఏ జెండా అయినా తగిలించడం తేలికైంది. కమ్యూనిస్టు సికేరోస్ నేర్పిన కార్ఖానా రంగు పాతికేళ్లు తిరక్కుండానే స్వేచ్ఛా ప్రపంచపు గుర్తు అయిపోయింది.

ఆ ప్రచారంలో ఒక మజిలీ మన దేశం కూడా. మోమా పంపిన 'టూ డికేడ్స్ ఆఫ్ అమెరికన్ పెయింటింగ్' 1967లో ఢిల్లీకి వచ్చింది, గ్రీన్‌బర్గ్ కూడా వచ్చాడు. మనవాళ్లకి దీనితో పరిచయం అప్పుడే మొదలైందని చెబుతుంటారు గానీ, నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించే దారి ఇంకొకటుంది. ఇంగ్లీషువాడైన స్టాన్లీ విలియం హేటర్ పారిస్‌లో నడిపిన అటెలియే 17 అనే ముద్రణ స్టూడియో యుద్ధకాలంలో న్యూయార్క్‌కి తరలింది. 1944-45లో పోలాక్ అక్కడికి వెళ్లి పలకలు చెక్కాడు. యుద్ధం అయ్యాక హేటర్ పారిస్ తిరిగెళ్లాడు. 1950లలో ఆ స్టూడియోలో చేరినవాళ్లలో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదువుకున్న కృష్ణారెడ్డి ఒకరు. తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి 2018లో అక్కడే కన్నుమూశారు.

పోలాక్‌కి కృష్ణారెడ్డి శిష్యుడనో వారసుడనో నేను అనడం లేదు. ఇద్దరూ పట్టించుకున్నది ఒకే గుణాన్ని, రంగు చిక్కదనాన్ని. హేటర్ దగ్గర కైకో మోతీతో కలిసి కృష్ణారెడ్డి పెంచిన పద్ధతికి పేరే విస్కాసిటీ ప్రింటింగ్. లోహపు పలకని మెట్లు మెట్లుగా వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. గట్టి రోలర్ పైభాగాన్నే తాకుతుంది, మెత్తటి రోలర్ గుంటల్లోకి దిగుతుంది. ఒక సిరాలో అవిసె నూనె ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. నూనె ఎక్కువున్న సిరా పట్టిన చోట రెండోది అంటుకోదు, జారిపోయి తన చోటు వెతుక్కుంటుంది. రంగులన్నీ ఒకే పలక మీద, ఒకదాని పక్కన ఒకటి కలవకుండా కూర్చుంటాయి. కాగితం పరిచి ప్రెస్సులోంచి ఒక్కసారి తిప్పితే చాలు.